కుళాయి తిప్పని కొనుగోలు

రెండేళ్ల క్రితం, నిడదవోలులో టీచరుగా పనిచేస్తుండగా, అద్దెకిద్దామని కాకినాడ శివార్లలో ఓ ఫ్లాట్ కొన్నాను. "పక్కనే ఫ్యాక్టరీ వస్తోంది. జనం క్యూ కడతారు బావగారూ!" అన్నాడు మా బావమరిది. అదే నమ్మి, టైల్స్ మెరుపు చూసి సంతకం పెట్టేశాను.

మూడు నెలలకు అద్దెకు చూడడానికి ఒక నర్సుగారు వచ్చారు. బాల్కనీ గాలి గురించి నేను ఉపన్యాసం ఇస్తుంటే, ఆవిడ తిన్నగా వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశారు.

"ఉప్పు కషాయమండీ! దీంతో పప్పు ఉడుకుతుందా? మీరు ఎప్పుడైనా తాగి చూశారా మాస్టారూ?"

తల అడ్డంగా ఊపాను.

"నీళ్లదేముందండీ, టిన్నులు కొనుక్కోవచ్చు" అన్నాడు నాతో వచ్చిన బావమరిది.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "అయితే మీరే ఉండండి" అనేసి వెళ్లిపోయారు.

సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూశాను. ఫ్యాక్టరీ వస్తుందన్న స్థలంలో గేదెలు మేస్తున్నాయి. అప్పుడు పక్క ఫ్లాట్ల తలుపులు తట్టాను. నాలుగింటికీ తాళాలే. కొనకముందు తట్టి ఉంటే పావుగంటలో తెలిసిపోయేది.

ఆ ఫ్లాట్ ఇప్పటికీ ఖాళీయే. బావమరిదిని తిట్టడం మానేశాను. రైతుబజారులో వంకాయల్ని ఒక్కొక్కటే తిప్పి పుచ్చులు వెతికే నేను, ఇల్లు కొనేటప్పుడు కుళాయి కూడా తిప్పలేదు!