అన్నీ ప్రూఫులే

మా మేనత్త ఎడమ కన్ను మూసిందంటే ఆ గదిలో ఎవరూ తుమ్మకూడదు. కుడి కంటికి చిన్న భూతద్దం ఆనించుకుని, దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వాల్చి చూస్తుంది. చూసి ఒక్క మాట అంటుంది. "ప్రూఫే" లేదా "కాదు." నాణేల కొట్టాయన ఆ మాట మీదే అమ్మకం సాగించేవాడు.

అత్త ఉద్యోగమంతా టంకశాలలో, కొట్టిన నాణేలు చూసి ఏరే పనిలో గడిచింది. బజారులో తిరిగే నాణేలు యంత్రంలోంచి వడగళ్లలా డబ్బాలో రాలి ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ప్రూఫ్ నాణెం అలా పుట్టదు. అది దాచుకునేవాళ్ల కోసం చేసేది. అచ్చును అద్దంలా మెరుగుపెట్టి, బిళ్లను ఒకటికి రెండుసార్లు గట్టిగా అదిమి, చేతికి తొడుగు వేసుకుని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి. అప్పుడు నాణెం నేల, అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా, అద్దంలా నల్లగా మెరుస్తుంది, దాని మీద బొమ్మ మాత్రం మంచు కప్పినట్టు తెల్లగా ఉంటుంది. "నేల నల్లగా, బొమ్మ తెల్లగా. అది లేకపోతే ఎంత మెరిసినా తోమిన చెంబే" అనేది అత్త. ఏ టంకశాలదో తెలియాలంటే సంవత్సరం అంకె కింద చూడాలి. చిన్న టంకశాల అక్కడ చుక్క పెడుతుంది, పెద్దది ఏ గుర్తూ పెట్టదు.

రిటైరయ్యాక కొట్టాయనకు నాణేలు చూసిపెట్టసాగింది. నేను కాలేజీ మానేసి ఆవిడ ఇంట్లోనే పడి తింటున్నాను కాబట్టి ఇదంతా రోజూ నా కళ్ల ముందే జరిగేది.

ఒకరోజు కొట్టాయన వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. పాపం, మొహమాటస్థుడు.

"అమ్మగారూ, ఈమధ్య మీ చెయ్యి పడితే చాలు, గులకరాయి కూడా ప్రూఫే అవుతోంది."

"మంచిదేగా?"

"నాకు మంచిదే. కొన్నవాళ్లే వెనక్కి తెచ్చి మొహాన కొడుతున్నారు."

జేబులోంచి రెండు నాణేలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి మామూలు నాణెమట, ఎవరో మెరుగు పెట్టారట. రెండోది పెద్ద టంకశాలదని అత్త చెప్పి పంపింది. అంకె కింద చుక్క ఉంది. నాకు భూతద్దం లేకుండానే కనిపించింది.

ఆయన వెళ్లాడు. అత్త భూతద్దం పెట్టెలో పెట్టేసి, "మా అమ్మకూ ఇలాగే మొదలైంది రా" అంది.

మా నాయనమ్మ చివరి రోజుల్లో మొదట ఉప్పుకీ పంచదారకీ తేడా మరిచిపోయింది, ఆ తర్వాత కొడుకుకీ పక్కింటాయనకీ. ఆవిడకు అన్నీ చేసింది అత్తే.

"చుక్క ఎక్కడుంటుందో మర్చిపోయానంటే ఇంకేం మిగిలింది? రేపు నిన్ను చూసి ఎవడ్రా నువ్వు అంటాను."

"అనులే. మా నాన్న రోజూ అంటూనే ఉన్నాడు."

అత్త నవ్వలేదు. నాణేలు ఇక పంపొద్దని కొట్టాయనకు ఫోన్ చేసి చెప్పేసింది. ఆనాటి నుంచి తనకు తనే పరీక్షలు పెట్టుకోవడం మొదలైంది. గ్యాస్ కట్టేశానా అని పదేపదే లేచి చూసేది. మామయ్యను పట్టుకుని పాత సంగతులు అడిగేది. ఆయనకు అసలే ఏదీ గుర్తుండదు. "నాది మతిమరుపు కాదే, ముందు నుంచీ ఇంతే" అని తప్పించుకునేవాడు.

ఒక ఆదివారం నేను స్టూలెక్కి ఫ్యాను తుడుస్తున్నాను. అత్త కింద నిలబడి అజమాయిషీ చేస్తోంది. దుమ్ము పెళ్ల ఊడి నేరుగా ఆవిడ ఎడమ కంట్లో పడింది.

"వెధవా, కళ్లు నెత్తికెక్కాయా!" అంటూ ఆ కన్ను అరచేత్తో నొక్కుకుని తల పైకెత్తింది. "ఈ పొగేంట్రా? స్టవ్ మీద ఏం మాడ్చావు?"

"పొగెక్కడ?"

"ఇల్లంతా. నీ మొహం నిండా."

నేను స్టూలు దిగాను. "అత్తా, ఆ చెయ్యి తియ్యి."

తీసింది. నీళ్లు కారుతున్న కంటితోనే చుట్టూ చూసి, "లేదే" అంది.

"మళ్లీ మూయి."

మూసింది. "ఉంది రా!"

కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందని కంటి డాక్టరు చెప్పాడు. నడవడానికీ వండడానికీ టీవీ చూడడానికీ ఎడమ కన్ను లాక్కొచ్చింది. నాణెం చూసేటప్పుడు మాత్రం అత్త మంచి కన్ను మూసి, పాడైన కన్ను తెరిచేది. ఆ కంట్లో మసకే ప్రతి బొమ్మ మీదా మంచులా కనిపించింది. చుక్కను కూడా అదే మింగేసింది.

శుక్లమంటే ఎవరైనా దిగులుపడతారు. అత్త డాక్టరు చెయ్యి పట్టుకుని, "నిజంగా శుక్లమేనా? ఇంకేం కాదుగా?" అని అడిగింది. "నన్ను చేసుకున్నప్పుడే ఆ కంటి మీద నాకు అనుమానం" అన్నాడు మామయ్య. డాక్టరు కూడా నవ్వాడు. అత్త మాత్రం, "కన్ను బాగయ్యాక కూడా తప్పు చెబితే అప్పుడు నవ్వండి" అంది.

ఆపరేషన్ అయింది. డాక్టరు ఇక పని చేసుకోవచ్చన్న రోజే కొట్టాయనను రమ్మంది. తను ప్రూఫని చెప్పినవి ఎన్నుంటే అన్నీ తెమ్మంది. ఆయన పళ్లెం నిండా తెచ్చాడు. అత్త దీపం వేసి ఎడమ కన్ను మూసింది.

"కాదు."

ఇంకోటి తీసింది. "కాదు. గుడ్డతో రుద్దారు, గీతలన్నీ ఒకే వైపున్నాయి. ఇదీ కాదు. ఏ గుడ్డిది చెప్పింది దీన్ని ప్రూఫని?"

"తమరే" అన్నాడు కొట్టాయన.

"నేనే!" అంది అత్త, బహుమతి వచ్చినంత గొప్పగా.

ఒక్కో తప్పు దొరికినకొద్దీ అత్త ముఖం వెలుగుతోంది, కొట్టాయన ముఖం వాడిపోతోంది. "అమ్మగారూ, ఒక్కటైనా మిగల్చండి!"

"ఉండండి... ఇది ప్రూఫే. అంకె కింద చుక్క, చిన్న టంకశాలది. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు కొట్టారు, బొమ్మ చెవి మీద కూడా మంచు చెదరలేదు." ఆగింది. "చుక్క అక్కడే ఉంది రా. నాకు గుర్తుంది." మామయ్య కిటికీ వైపు తిరిగి ఊరికే దగ్గాడు.

తర్వాత అత్త నా ఫోన్ లాక్కుని, నాణెం వెనక్కిచ్చిన ఒకాయన నంబరు కొట్టాయనను అడిగి కలిపింది.

"నమస్తే అండీ. మీ నాణెం ప్రూఫని చెప్పింది నేనే. తప్పు చెప్పాను. అబ్బే, బుర్ర బ్రహ్మాండంగా ఉందండీ! కంట్లో శుక్లం. ఉత్త శుక్లమే!"

అవతలాయన ఏమన్నాడో తెలియదు. కొట్టాయన తల పట్టుకున్నాడు. అత్త ఫోన్ పెట్టేసి, "ఇంకెవరున్నారు? నంబరు చెప్పండి" అంది.