జరంత సందు

యూనివర్సిటీ పండితులంతా వరసకట్టి రాజనర్సు తాత కాళ్ళకు మొక్కాలి. ఇంగ్లీషు నిఘంటువును మొదటి పేజీ నుంచి ఎఫ్ అక్షరం దాకా ఖర్చు చేసేసినవాడు హైదరాబాదు మొత్తంలో ఆయనొక్కడే.

ఆయన బడికి పోయింది నాలుగో తరగతి వరకే. ఆ లావుపాటి పుస్తకాన్ని అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాడు. లోపల ఏముందో చూడలేదు; కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఔ, గిదే," అన్నాడు. పుస్తకాలమ్మేవాడు ఇప్పటికీ ఆయన్ని ప్రొఫెసర్ సాబ్ అంటాడు. తాత కాదనడు.

తాత రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నాంపల్లి స్టేషను వెనక షెడ్డులో నూరేళ్ళ నాటి ఆవిరి ఇంజనును మళ్ళీ నడపాలనుకున్నప్పుడు, ఆ పని తెలిసినవాడు ఈయనే దొరికాడు. మొదటి పరీక్షలోనే దాని ఇరుసు బేరింగు అరిగి, వేడెక్కి, పొగ కక్కింది. ఇంకొక్కసారి చూస్తాం, మళ్ళీ కాలితే సిమెంటు దిమ్మె మీద బొమ్మలా నిలబెట్టేస్తాం అని పైనుంచి మాట వచ్చింది. దిమ్మె ఎక్కించేది తననే అన్నట్టు తాత ఆ రోజు అన్నం ముట్టలేదు.

బేరింగులో మెత్తటి తెల్ల లోహం కొత్తగా పోశారు. దాన్ని తాత మూడు రోజులు గీకి నున్నగా చేశాడు. ఇంజనీరు భవ్యశ్రీ కొలిచి చూసింది.

"సరిపోయింది తాతా. బిగిద్దాం."

తాత తన నిఘంటువులోంచి ఇంకో పేజీ చింపి, ఇరుసుకూ బేరింగుకూ మధ్య పెట్టి లాగాడు. ఒక కొసన సర్రున జారి వచ్చింది. రెండో కొసన చిరిగింది.

"ఇంకా జరంత గీకాలె బిడ్డా."

"జరంత అంటే ఎంత? మిల్లీమీటర్లల్ల చెప్పు."

"గవన్నీ నాకేం ఎరుక? కాయితాన్ని పట్టుకోవాలె, పట్టుకొని ఇడవాలె. గంతే జర."

భవ్యశ్రీ నవ్వి, ఇంకొక రోజు గడువు ఇప్పించింది.

రెండో పరీక్షలో ఇంజను అరగంట తిరిగి వచ్చి ఆగింది. తాత వంగి, వేళ్ళ వెనక వైపును బేరింగు ఉన్న ఇరుసు పెట్టెకు ఆనించాడు. పోయినసారి రెండు లెక్కపెట్టేలోపే చెయ్యి లాక్కున్నాడు. ఈసారి ఐదు, పది, ఇరవై. చెయ్యి తియ్యనే లేదు.

"ఏమైంది తాతా? కాలుతుందా?" భవ్యశ్రీ దగ్గరికి ఉరికొచ్చింది.

"ఏం లేదు బిడ్డా. జ్వరం దిగింది. జర సేపు గిట్లనే ఉండనియ్యి."

ఆ పూట ఇంటికొచ్చి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పదో తరగతి రెండుసార్లు తప్పిన మనవరాలు ఉజ్వల ఇదంతా రాసి, పక్కన కూర్చుని చదివి వినిపించింది.

"నిన్ను పండితుల కన్న పెద్దగ జేసిన తాతా. ఎట్లున్నది?"

తాత చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "ఫెయిల్ అన్న మాటున్న కాయితం ఆ బేరింగు నడుమనే నలిగిపోయింది. పాస్ ఇంకా పుస్తకంలనే ఉన్నది. నేను చింపకముందే పోయి సదువుకో."