తోటపని పుస్తకాల వెనక ఖాజీ

ఏడేళ్లుగా ఒక పుస్తకం బరువు నా మీద ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్ను గుర్తుపట్టలేరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఓదార్పు మాటలు మాత్రం వద్దు.

నాకు డిగ్రీ లేదు. విదేశంలో, అరోరా అనే ఊళ్లో ఒక ఇండియన్ స్టోర్‌లో పనిచేస్తూ, మిగిలిన పొద్దంతా లైబ్రరీలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. శనివారాలు అక్కడి మీటింగ్ రూమ్‌లో పదిమంది తెలుగువాళ్లం చేరి, చదివిన వాటి గురించి మాట్లాడుకునేవాళ్లం. మిగతావాళ్లంతా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. నన్ను 'మాస్టారు' అనేవారు. ఆ పిలుపు కోసమే వారమంతా బతికేవాణ్ణి.

ఒక శనివారం ఒట్టోమాన్ సుల్తానుల కాలపు జిల్లా కోర్టుల గురించి చెప్పాను. జిల్లా న్యాయాధికారి అయిన ఖాజీని గవర్నరే నియమించేవాడని, అతను గవర్నర్ చేతికింది మనిషని ధీమాగా అన్నాను. కూతురి దగ్గర ఆరు నెలలుండడానికి వచ్చిన సుభద్ర గారు చేయెత్తారు. వరంగల్‌లో చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన మనిషి.

"కాదు మాస్టారూ. ఖాజీకి ఆర్డర్ రాజధాని నుంచి వచ్చేది. ఆయన తీర్పు లేకుంట గవర్నర్ ఎవ్వర్నీ శిక్షించరాదు. మీ చేతిల ఉన్న పుస్తకంలనే ఉన్నది, చూడుండ్రి."

"మాస్టారికి సప్లిమెంటరీ పడింది," అన్నాడొక ఇంజనీరు. అందరూ నవ్వారు.

టైమ్ అయిపోయిందని పుస్తకం మూసేశాను. రూమ్ ఖాళీ అయ్యాక తెరిచి చూస్తే, ఆమె చెప్పినట్టే ఉంది. నేను రెండుసార్లు చదివిన పేజీ అది. లైబ్రరీలో ఉన్నది ఒక్కటే కాపీ. ఇంటికి తీసుకెళ్లడానికి చెక్‌అవుట్ చేస్తే కంప్యూటర్‌లో నా పేరు పడుతుంది. అందుకని దాన్ని తోటపని పుస్తకాల అరలోకి తీసుకెళ్లి, వరుస వెనక పడుకోబెట్టాను. ఎవరూ చూడకుండా చూసుకున్నాను. అది కూడా చెప్పాలి.

మరుసటి శనివారం ఆమె ముందే వచ్చి వెతుక్కున్నారు.

"కంప్యూటర్‌ల ఉన్నది, షెల్ఫ్‌ల లేదు," అన్నారు.

"ఆ ఖాజీల దగ్గర సాక్షి లేని మాట చెల్లేది కాదు మేడమ్. మీ సాక్షి ఏరీ?" అన్నాను.

అందరూ మళ్లీ నవ్వారు, ఈసారి నా పక్షాన. సాక్షిని దాచినవాడే సాక్షి ఏడని అడిగాడు. ఎంత బాగా అడిగాడో కూడా నాకు గుర్తుంది.

"ముప్పై ఏండ్లు పిల్లలకు ఇదే చెప్పిన నేను," అన్నారామె, ఎవరినీ చూడకుండా. "తప్పు చెప్పిన్నా ఏంది?"

ఆమె ఇక రాలేదు. నెల తిరక్కుండా వరంగల్ వెళ్లిపోయారు.

ఎందుకు చేశాను? నవ్వులపాలయ్యానని అనుకునేవాణ్ణి. అది అబద్ధం. ఆమెకు ఒక కాలేజీ ఉండేది, ముప్పై ఏళ్లుగా చదువు చెప్పిన విద్యార్థులున్నారు. నాకు ఆ శనివారం ఒక్కటే ఉంది, దాన్ని కూడా తీసుకోవడానికి వచ్చిందని ఆమెను ద్వేషించాను. ఇప్పటికీ ఆమె అంటే నాకు ఇష్టం లేదు. పశ్చాత్తాపం ఉన్నవాడికి ఇష్టం కూడా కలగాలా? నాకు కలగలేదు.

లైబ్రరీవాళ్లు ఆ పుస్తకం పోయిందని కేటలాగ్‌లోంచి తీసేశారు. మా గుంపులో నా మాటే నిలిచింది.

ఖాజీని నియమించింది రాజధాని. అతని తీర్పు లేకుండా గవర్నర్ ఎవరినీ శిక్షించకూడదు. సుభద్ర గారు చెప్పిందే నిజం.

ఈ మూడు వాక్యాలు రాయడానికి ఏడేళ్లు పట్టింది.