కోహ్కాలో మా క్రేను

మా ఉక్కు టౌన్‌షిప్ పక్కనున్న కోహ్కాలో మేము అద్దెకు తీసుకున్న గదిలో ఒక క్రేను ఉండేది. అంటే పాత కారు సీటు, రెండు లీవర్లు, ఎదురుగా మూడు తెరలు. ఉక్కు కర్మాగారంలో కప్పు కింద పట్టాల మీద తిరిగే క్రేనును ప్రాణాల మీదికి రాకుండా నేర్పే యంత్రం. నాతో కాలేజీలో చదివిన అమ్మాయీ నేనూ కలిసి పెట్టిన కంపెనీ అది. మొదటి రెండు నమూనాలు చూసినవాళ్లంతా "చాలా బాగుంది" అన్నారు. కొనేవాళ్లు ఆ మాట అనరని మాకప్పటికి తెలియదు.

సెక్టర్ నాలుగులో మా ఎదురు క్వార్టరు బాబాయిది విజయనగరం వైపు. ముప్పై ఏళ్లు క్రేను నడిపాడు. రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, ఎక్కి వచ్చి డ్యూటీ తీసుకునేదాకా సీటు వదలకూడదన్నది క్రేను మీద నియమం. ఆయన రిటైరయ్యే నాటికి ఆ క్రేన్లు రిమోటు మీదికి మారాయి. చివరి రోజు కేబిన్‌లోకి ఎవరూ రాలేదు. "గేట్ పాసైతే ఇచ్చీసినాను గానీ, డ్యూటీ ఎవుడికీ ఇవ్వనేదురా" అనేవాడు. ఆ మాట నవ్వుతూ అనడానికి ప్రయత్నించేవాడు.

ఒకసారి చూడమని గదికి పిలిచాను. సీట్లో కూర్చున్నాడు గానీ లీవరు ముట్టుకోలేదు.

"గంటేదిరా?"

"గంటెందుకు బాబాయ్?"

"బరువు లేపీ ముందు గంట కొట్టాల. నేకపోతే కింద ఉన్నోడి గతేటి?"

"కింద ఎవరూ లేరు. అంతా కంప్యూటరే."

"నేరని నువ్వు దిగి సూసొచ్చినావేటి?"

నాలుగేళ్ల ఇంజినీరింగులో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. నా భాగస్వామి వెళ్లి సైకిలు గంట కొనుక్కొచ్చింది. ఆ వారమే తెర మీద, బరువు కింద, మనుషుల్ని పెట్టాం. ఒకడు ఫోన్ చూస్తూ నడుస్తాడు. ఒకడు హెల్మెట్ తీసి తల గోక్కుంటాడు.

మర్నాటి నుంచి బాబాయి ఫస్ట్ షిఫ్టుకు రావడం మొదలుపెట్టాడు. పావుతక్కువ ఆరుకి, టిఫిన్ క్యారేజీతో. మేం తెరిచేది పదింటికి. చివరికి ఒక తాళంచెవి ఆయనకే ఇచ్చాం. మేం వచ్చేసరికి తిట్లు సిద్ధంగా ఉండేవి. "మీ కొక్కెం మరీ బుద్ధిమంతురాలురా, కొంచెం ఊగనీండి." ఆ ఊపును నాలుగుసార్లు తిరగరాశాం. అయిదోసారి "ఇప్పుడు కొంచెం క్రేనునాగుంది" అన్నాడు. అంతకు మించిన బిరుదు విజయనగరంలో లేదు.

నందిని రోడ్డు మీది ఒక శిక్షణ కేంద్రం దాన్ని కొన్నది. కింద మనుషులున్నారనే కొన్నది. అమ్మదగ్గ యంత్రం ఉన్నది అదొక్కటే, వారంలో కావాలన్నారు. బాబాయికి ఎలా చెప్పాలో మూడు విధాలుగా సాధన చేసి, మూడూ ఒకేసారి చెప్పేశాను.

ఆయన ఒక్కటే అడిగాడు. "నడిపీవోళ్లు వొస్తారా, మోసీవోళ్లేనా?"

కేంద్రానికి ఫోన్ చేసి బతిమాలాను. టెంపోతో పాటు వాళ్ల ఇన్‌స్ట్రక్టర్, పాతికేళ్ల అమ్మాయి, వచ్చింది. బాబాయి పొద్దుటి నుంచీ సీట్లోనే ఉన్నాడు. ఆమె పక్కకొచ్చి నిలబడేదాకా లేవలేదు.

"బాయా లీవర్ థోడా భారీ హై, బేటీ. హెల్మెట్‌వాలా ఏక్ ఘంటీ మే నహీ హట్‌తా. దో బార్ బజానా," అన్నాడు బాబాయి. ఎడమ లీవరు కొంచెం బరువట, హెల్మెట్ తీసేవాడు ఒక గంటకి తప్పుకోడట, రెండుసార్లు కొట్టాలట.

"జీ అంకుల్. చార్జ్ లే లియా."

డ్యూటీ తీసుకున్నానని ఆమె అన్నాక, అప్పుడు దిగాడు. క్యారేజీ తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

అది మా కంపెనీ మొదటి అమ్మకం. మిఠాయి కొనాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

తర్వాత ఇంకొన్ని చేశాం. సీట్లు మెత్తన, తెరలు పెద్దవి. వచ్చి చూడమంటే బాబాయి "డ్యూటీ ఇచ్చీసినాను గదరా" అంటాడు, ఈసారి ప్రయత్నం లేకుండానే నవ్వుతూ. అందుకని కొత్త యంత్రాలను మేమే కూర్చుని పరీక్షిస్తాం. మాకు తప్పులేమీ కనబడవు.