మొయిన్ సాబ్ వదిలిన ఖాళీ వరసలు

అది 1999 ఎండాకాలం. కరీంనగర్‌లో గ్రానైటు ఎగుమతి చేసే ఒక కంపెనీ సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకుంది. అంతవరకు వాళ్ల మెయిళ్లు హైదరాబాదులో ఒక సంస్థ కంప్యూటరులోకి వచ్చి పడేవి. రోజుకు రెండుసార్లు ఫోను లైను కలిపి దించుకునేవారు. ఇకమీదట అవి నేరుగా ఆఫీసుకే వచ్చేలా మళ్లించే పని నాది. ఆ పని తెలిసినవాళ్లు అప్పట్లో జిల్లాలో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. నాకు కాస్త గీర కూడా ఉండేది.

ఒక కంపెనీ పేరు మీద వచ్చే మెయిల్ ఏ యంత్రానికి చేరాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. రెండు యంత్రాల పేర్లు రాసి వాటికి నంబర్లు ఇవ్వొచ్చు. మెయిల్ ముందు చిన్న నంబరున్నదానికి వెళ్తుంది, అది పలకకపోతే రెండోదానికి. ఆఫీసు సర్వర్‌కు పది, హైదరాబాదు యంత్రానికి ఇరవై ఇచ్చాను. ఇక్కడ కరెంటు పోయినా మెయిల్ అక్కడ ఆగి, తర్వాత ఇక్కడికి వస్తుందని నా ధీమా.

నెల తిరక్కుండానే ఫోనొచ్చింది. ఇటలీ నుంచి కొలతలు మార్చమని పంపిన మెయిల్ అందక, రాయిని పాత మందంలోనే కోసేశారు. నేను వెళ్లేసరికే యజమాని రాజిరెడ్డి గారు తీర్పు చెప్పేశారు. మెయిళ్లు చూసే మొయిన్ సాబ్ ఏదో నొక్కి పోగొట్టాడట, ఒకటో తారీఖు నుంచి రావద్దట. మొయిన్ సాబ్ పాతికేళ్లు, తీగ మీద సందేశాలు పంపే టెలెక్స్ యంత్రం ముందు కూర్చున్న మనిషి, కంప్యూటరుకు కొత్త. నిజం చెప్పాలంటే నా అనుమానమూ ఆయన మీదే.

ఆయన పొడుగాటి రిజిస్టరు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. టెలెక్స్ రోజుల్లో ప్రతి సందేశానికీ వరస నంబరు వేసేవారు, మధ్యలో ఒకటి రాకపోతే తెలిసిపోయేది. ఆ అలవాటునే ఆయన మెయిళ్లకు తెచ్చి, సరుకు కొనేవాళ్లందరి చేతా నంబర్లు వేయించాడు. రాని నంబరుకు ఒక వరస ఖాళీగా వదిలేవాడు. అయితే తర్వాతి నంబరు వస్తేగానీ లోటు బయటపడదు. అది వచ్చేసరికి రాయి కోత అయిపోయింది.

“జర గీ ఖాళీలు చూడుండ్రి సార్,” అన్నాడు. “ఇటలీవాళ్లయి పద్నాలుగు రాలే, పంతొమ్మిది రాలే, ఇరవై మూడు రాలే. ఎప్పుడు పంపిన్రో ఫ్యాక్స్ చేసి అడిగిన. మూడు గూడ మన దగ్గర కరెంటు లేనప్పుడే పంపిన్రు.”

పక్క గడిలో కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ నిమిషాలతో సహా రాసి ఉన్నాయి. వెంటనే హైదరాబాదుకు ఫోన్ చేస్తే, కంపెనీ పాత మెయిల్‌పెట్టె అక్కడ అలాగే ఉందన్నారు. దాన్ని తీసేయమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. అందుకే ఆ యంత్రం మెయిళ్లను ఇటు పంపకుండా ఆ పెట్టెలోనే వేసుకుంది. మూడూ అక్కడే దొరికాయి.

తప్పు నాదని రాజిరెడ్డి గారితో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. వరండాలో చాయ్ తాగుతూ, పరువు పోకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన రిజిస్టరు తిరగేసి, మొయిన్ సాబ్‌ను పిలిపించారు.

“మొయిన్ సాబ్, నేను తొందరపడ్డ. ఒకటో తారీఖు మాట మనసుల పెట్టుకోకుండ్రి,” అన్నారు.

మొయిన్ సాబ్ తలూపి, కూర్చుని ఆ మూడు వరసలూ నింపాడు. కారణం గడిలో ‘హైదరాబాదు పెట్టె తీసేయలేదు’ అని రాసి, పెన్ను నా చేతికిచ్చాడు.

“దస్కత్ చేయుండ్రి సార్. మిమ్మల్ని చిన్నగ చేసుడు కాదు. రేపు నా జాగల ఇంకొకరు కూసుంటరు, వాళ్లకు ఎర్కుండాలె గద.”

తన కొలువు నిలబడి పది నిమిషాలు కాలేదు, అప్పుడే తన తర్వాత వచ్చేవాళ్ల గురించి ఆలోచిస్తున్నాడు. అంత గొప్ప పనిమంతుణ్ణి నేను మళ్లీ చూడలేదు. సంతకం పెట్టాను. ఆ తర్వాత ఏ కంపెనీలో ఏ రికార్డు మార్చినా, ఏం మార్చానో, ఏం మార్చకుండా వదిలానో కాగితం మీద రాసి, కింద నా పేరు పెట్టందే గది దాటలేదు.