మేనత్త దించని బోనం

పోయిన ఆదివారం పొద్దున ఎదురుగుట్ట మీద ఒక అమ్మాయి ఫోటో కోసం ఎర్రచున్నీని రెండు చేతులా పట్టుకుని గాలిలో ఊపితే, కింద ఉన్న ఆమె స్నేహితులంతా నవ్వుతూ చేతులూపారు. నేను మాత్రం చేయి ఎత్తలేకపోయాను. ఎందుకంటే చాలా ఏళ్ల కిందట అదే గుట్ట మీద, దాదాపు అదే చోట, మా మేనత్త భర్త, మామ, ఎర్రగుడ్డ ఊపినప్పుడు, బోనాల వరుసలో కొండెక్కుతున్న మా ఆడవాళ్లందరం కూడా అలాగే నవ్వుతూ చేతులూపాం. మామ ఇంకాసేపు ఊపి, గుడ్డ వదిలేసి, ఒక బండ వెనక బోర్లా పడుకున్నాడు. గుట్టకు అవతలి వైపు క్వారీలో బండలు పేల్చే తూటాల వత్తి అంటుకుందని మేనత్త అరిచేదాకా మాకు అర్థం కాలేదు.

మా అపార్ట్‌మెంటులోని సాఫ్ట్‌వేర్ పిల్లలు సెలవురోజున కొండనడక పెట్టుకుని, పాత సంగతులు తెలిసిన మనిషినని నన్నూ కారెక్కించుకుని వెళ్లారు. ఖాజాగూడ దాటాక, అద్దాల మేడల మధ్య మిగిలిన ఆ గుట్టల వరుసను చూసి వాళ్లు మురిసిపోతుంటే, నాకు మా మేనత్త కాపురమున్న ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో పోల్చుకోవడానికే చాలాసేపు పట్టింది.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పత్రికల ఆదివారం అనుబంధాలలో విదేశీ వింతలకంటూ ఒక పేజీ ఉండేది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి, ఆ పేజీకి వచ్చే ఇంగ్లీషు వ్యాసాలను తెనిగించడం నా పని. అలా ఒకసారి ఆల్ప్స్ మంచుకొండల ఒడిలోని ఓ చిన్న ఊరి గురించి రాశాను. అక్కడి చెరువు, తీగల మీద వేలాడుతూ నడిచే బండి, చెక్కతో కట్టిన చర్చి, చలికాలం ముందు ఆవుల కొమ్ములకు పూలు చుట్టి కొండ మీది నుంచి ఊరేగింపుగా దింపుకొచ్చే పండుగ, ఇవన్నీ చదివిన మా ఇన్‌ఛార్జి, మంచు ఒక్కటే కదమ్మా మనకు తక్కువ, మిగతావన్నీ ఉన్న ఊరు ఒకటి మన చుట్టుపక్కల పట్టుకురా అన్నారు. నాకు వెంటనే మేనత్త ఊరు తట్టింది. చెరువుంది, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలున్నాయి, చిన్న దర్గా ఉంది, గుట్ట నడినెత్తిన ముందుకు వంగిన బండ కింద మైసమ్మ ఉంది. పైగా ఆ వారమే ఊళ్లో బోనాలు. బస్సు దిగి సీతాఫలం పొదల మధ్య బండ్లబాట పట్టుకుని నడిచి ముందురోజు సాయంత్రానికి అత్తమ్మ ఇంటికి చేరాను.

ఇక్కడొక మాట చెప్పాలి. బోనాలు ఊరూరికీ ఒక్కో ఆదివారం. పట్నంలో అయ్యాక కొన్ని ఊళ్లు, వాటి తర్వాత మరికొన్ని, ఎవరి మైసమ్మ వారం వారిది. గుట్టకు అవతలి వైపు క్వారీ నడిపే కాంట్రాక్టరు దూరప్రాంతం మనిషి. పట్నం బోనాల నాడు కూలీలకు సెలవిచ్చి, పండుగ అక్కడితో అయిపోయిందనుకున్నాడు. ఆ క్వారీలోనే మా మామ ఎర్రజెండా మనిషి. వత్తి ముట్టించే ముందు గుట్ట అంచున నిలబడి ఎర్రగుడ్డ ఊపి, ఈల ఊది, మేకల కాపరులను, కట్టెలకు వచ్చినవాళ్లను దూరం తరమడం ఆయన కొలువు. ఆ సాయంత్రం అన్నం తింటూ, నాలుగు కన్నాలు తొలిచిపెట్టిన్రు, మందు కూరేది సోమవారమేనంట అని అత్తమ్మతో అనడం నేను విన్నాను. కానీ తెల్లారేసరికి ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. వానకు కన్నాలు నిండితే పని చెడుతుందని క్వారీలో ఆ పొద్దునే పేలుడు మందు కూరేశారట. మామకు ఆ కబురు లేదు. పండుగ రోజు కదా అని తలస్నానం చేసి, బోనాలు ఎక్కకముందే మైసమ్మ దగ్గర కట్టి వద్దామని వేపకొమ్మలు భుజాన వేసుకుని, క్వారీ అడ్డదారిన బయలుదేరాడు. అక్కడ అప్పటికే వత్తి ముట్టించడం చూసి, తన ఎర్రగుడ్డ, ఈల అందుకుని గుట్ట అంచుకు ఉరికాడట.

ఆ ఊళ్లో మగవాళ్లు, డప్పులవాళ్లు గుట్ట కింద ఆగిపోతారు. పైకెక్కేది ఆడవాళ్లే. గడప దగ్గర ఎత్తుకున్న బోనాన్ని అమ్మ ముందు తప్ప మధ్యలో దించకూడదు. అందరికన్నా పెద్దామె బోనం ముందు దించాలి, ఆ తర్వాతే మిగతావాళ్లవి. ఎత్తిన బోనంతో గుట్ట దిగడమన్నది ఊరికే అరిష్టమని నమ్మకం. ఆ ఏడు పెద్దామె మా మేనత్త. నేను ఆమె వెనకాలే, చేతిలో అమ్మకు పోసే కల్లు సాక చెంబుతో.

కింద డప్పుల మోతలో మామ ఈల ఎవరికీ వినపడలేదు. ఎర్రగుడ్డ మాత్రం కనపడింది. పండుగనాడు ఎర్రగుడ్డ లేని చేయి ఎక్కడుంది?

“ఓ అక్కా, మీ ఆయన జూడు, మైసమ్మకు సాక పొయ్యకముందే తనే పోసుకున్నట్టున్నడు!” అంది వెనక నుంచి ఒకామె.

అత్తమ్మ తల తిప్పలేదు. “ఊపనీ తియ్యే. పెండ్లయినకాడికెల్లి నన్ను జూసి చెయ్యూపింది గిదే మొదలు” అంది.

వరుసంతా ఘొల్లున నవ్వింది. మేం చేతులూపుతుండగానే మామ పడుకున్నాడు. పడ్డడు, పడ్డడు అని ఇంకోసారి నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఆయన అలా ఎందుకు పడుకుంటాడో ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

“కిందికి గాదు, పైకి! అమ్మ కాడికి ఉరుకుండ్రి!” అని అరిచిన ఆ గొంతు నాకు ఇవాళ్టికీ వినపడుతుంది. కిందికంతా బోడి బండ, తల దాచుకునే చోటు లేదు. మైసమ్మ మీద మాత్రం గొడుగులా బండ ఉంది. తలల మీద కుండలు, కుండల మీద దీపాలు, ఆ జారుడు బండ మీద ఎలా పరిగెత్తామో తెలియదు. ఆఖరి మనిషి బండ కిందికి దూరేదాకా అత్తమ్మ బయటే నిలబడింది. ఆమె లోపలికి అడుగు పెడుతుండగా గుట్ట కదిలింది. మొదటి పేలుడుకు డప్పులు ఆగిపోయాయి. రెండోదానికి మేము ఎక్కివచ్చిన దారి మీద రుబ్బురోలు పొత్రమంత రాళ్లు పడ్డాయి. మూడోదాని తర్వాత దుమ్ములో ఒకరి మొహం ఒకరికి కనపడలేదు.

నాలుగో పేలుడు వినపడలేదు. అసలు భయం అప్పుడు మొదలైంది.

మాలో ఒక బాలింత, పాలు తాగే బిడ్డను గుట్ట కింద అత్తగారి చేతుల్లో పెట్టివచ్చింది. కింద నుంచి ఏడుపులు వినపడుతుంటే ఆమె పిచ్చిదానిలా బయటికి ఉరకబోయింది. ఆమె వెనక మరో ఇద్దరు. నాలుగోది ఇంకా కాలలేదని అత్తమ్మ చెబితే, రెండు కలిసి కాలినయేమో అని ఎదురు తిరిగారు. మాటలతో ఆగే స్థితిలో ఎవరూ లేరు. అప్పుడు అత్తమ్మ మరో మాట మాట్లాడకుండా, నెత్తి మీద బోనంతో మైసమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. దించలేదు. ఆమె దించకపోతే ఇంకెవరూ దించకూడదు, దించకుండా ఎవరూ గుట్ట దిగకూడదు.

“దించరాదే ముసల్దానా, మెడలు ఇరుగుతున్నయ్!”

“నా మెడ ఇరుగుతలేదా? అమ్మ ఇంకా దించమంటలేదు. నిలబడుండ్రి.”

తిట్టారు, శపించారు, కాళ్లు పట్టుకున్నారు. ఆ బాలింత అయితే, నా బిడ్డకేమన్నా అయితే నీ ఇంటి ముందల మన్ను పోస్త అంది. అత్తమ్మ కళ్లు మూసుకుని నిలబడే ఉంది. ఆమె మెడ నరాలు వణకడం, దీపంలో నూనె తగ్గుతుండడం పక్కనున్న నాకు కనపడుతున్నాయి. దీపం కొండెక్కితే ఆ నమ్మకం కూడా మమ్మల్ని ఆపగలదా అని నాకు దడ. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. చివరికి వెనక బండల సందులోంచి మామ గొంతు వినపడింది. మోకాళ్లు చీరుకుపోయి, గొంతు బొంగురుపోయి, పాకుతూ వచ్చాడు. కింద జూసొచ్చిన, అందరూ మంచిగున్నరు, పిల్లగాడు నిద్రపోతుండు అని చెప్పి, అత్తమ్మను చూసి, “ఇగ దించవే” అన్నాడు. ఆమె చేతులు పైకి లేవకపోతే మామా నేనూ పట్టి దించాం. మిగతా బోనాలూ దించి, అందరం ఆ సందులోంచే, క్వారీకి దూరంగా ఉన్న పక్కకు దిగిపోయాం.

ఆఫీసుకు తిరిగివచ్చి ఈ సంగతి రాసిస్తే, ఎవరూ చనిపోలేదు కదమ్మా అని, లోపలి పేజీలో వేలెడంత వేశారు. చెరువు, బండలు, దర్గా మాత్రం ఆదివారం రంగుల్లో వచ్చాయి.

ఇప్పుడు అత్తమ్మ లేదు, మామ లేడు. భూములు అమ్ముకున్న చుట్టాలు బాచుపల్లి వైపు వెళ్లిపోయారు. మైసమ్మను కిందికి తెచ్చి రోడ్డు పక్కన టైల్స్ గుడి కట్టారు. బోనాలు ఆటోల్లో వచ్చి, చదునైన నేల మీద నిమిషంలో దిగుతాయి. ఎవరి మెడా నొప్పి పెట్టదు, మంచిదే. కానీ ఒకరి మీద కోపంతో రగిలిపోతూ కూడా ఆ ఒక్కరు దించేదాకా అందరూ ఆగే రోజులు వాటితోపాటే దిగిపోయాయేమో అనిపిస్తుంది.

నాలుగోది మూడోదాంతో కలిసే పేలిందని క్వారీవాళ్లు, పేలలేదని మామ చివరిదాకా వాదించుకున్నారు. ఆ రాత్రే కుండపోత వాన పడింది. కాంట్రాక్టరు కన్నాలు తొలిచిన ఆ బండ ముఖమంతా రాళ్లపొడితో పూడ్చి, పని వదిలేసి వెళ్లిపోయాడు. మామ బతికున్నన్నాళ్లూ అటువైపు మేకను కూడా పోనివ్వలేదు. మొన్న నడక పెట్టిన కుర్రాడికి ఇదంతా చెబితే, నవ్వకుండా విని, ఏ బండో చూపించండి ఆంటీ, అధికారులతో మాట్లాడతాను అన్నాడు. నేను చాలాసేపు వెతికాను. అవతలి వైపు గుట్టను సగం చెక్కేసి మేడలు కట్టారు, మిగిలిన సగంలో పిల్లలు తాళ్లు కట్టుకుని బండలెక్కుతున్నారు. పేలని నాలుగోది ఉందని మా మామ చెప్పిన చోటు ఈ రెండు సగాలలో దేనిలో ఉందో నేను చూపించలేకపోయాను.