గుర్తుపట్టిన గొంతు

మా ఆఫీసులో ఆవిడను చెవులమ్మ అంటాం. ఆ పేరు పెట్టింది నేనే, తిడితే నన్నే తిట్టాలి. పదకొండేళ్లుగా నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరెవరి మాటలో విని టైపు చేస్తుంది. ఆరోగ్య సలహాల లైనుకు వచ్చిన ఫోన్లు అవి. గొంతు విని జబ్బు పసిగట్టే యంత్రం తయారుచేస్తున్నారు మా పరిశోధకులు. మాట్లాడేముందు, ఈ సంభాషణ పరిశోధనకు వాడవచ్చా అని అడుగుతారు. ఒంట్లో బాగాలేనివాళ్లు ఏదడిగినా సరేనంటారు. పేర్లు, ఊర్లు, తేదీలు తీసేసి మాకు పంపుతారు. గొంతును మాత్రం ఎలా తీసేస్తారు?

ఇక్కడ విన్నది గడప దాటించం అని అందరం సంతకం పెట్టాం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, అందుకన్నమాట. చెవులమ్మ ఆ మాట మీద ఎంత గట్టిగా ఉండేదంటే, భోజనాల దగ్గర కూడా ఒక్క ముక్క పైకి చెప్పేది కాదు. నాకు ఒళ్లు మండేది.

ఒక బుధవారం ఆవిడ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఎంత అడిగినా చెప్పలేదు. సాయంత్రానికి, గదిలోనే ఉన్నాం కదా అనుకుందేమో, నోరు విప్పింది. ఆ గొంతు వాళ్లక్కది. తల్లి పోయాక ఈవిడను పెంచిన అక్క. రొమ్ములో గడ్డ తగులుతోందనీ, మూడు నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదనీ ఆ ఫోన్‌లో అంటోంది. అది మొన్నటి ఫోనో, ఏళ్ల నాటిదో తెలియదు. తేదీ తీసేశారుగా.

దీనికీ మా దగ్గర ఒక ఫారం ఉంది. తెలిసినవాళ్ల గొంతు వినబడితే, వాళ్ల పేరు, మనకేమవుతారో రాసి ముగ్గురి చేత సంతకాలు పెట్టించాలి. అప్పుడు ఆ రికార్డింగు తీసేస్తారు. గుట్టు కాపాడటానికి ముందు గుట్టు ముగ్గురికి విప్పాలన్నమాట. ఇంత తెలివి ఒక్క తలలో పుట్టదు, కమిటీ కావాలి.

ఆ కమిటీలో ఒక తత్వశాస్త్రం మాస్టారున్నారు. నెలకోసారి వచ్చి, అనుమతి అడిగిన పనికి తప్ప ఇంకో పనికి మనుషుల మాటలు వాడకూడదని మాకు బోధిస్తారు. చెవులమ్మ ఆయన్ని పక్కకు పిలిచి, ఎవరికో జరిగినట్టు అడిగింది. చెబితే ఇచ్చిన మాట తప్పినట్టు, చెప్పకపోతే మనిషి పోవచ్చు. ఆయన ఆ ఫారం తానే రాశానని మొదట ఒప్పుకున్నారు. తరువాత అన్నారు:

"ఏది చేసినా ఒకటి తప్పుతారమ్మా. ప్రాణం ముందు అని నేనంటాను. కానీ మాట తప్పలేదని మాత్రం మీకు మీరు చెప్పుకోకండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు ఆదివారాలు అక్క ఇంటికి వెళ్లి, ఇద్దరం కలిసి పరీక్షలు చేయించుకుందాం అని డొంకతిరుగుడుగా అడిగింది. నీకేమైనా అయిందా అని అక్కే కంగారుపడింది. ఈవిడకు నిద్ర లేదు, తిండి లేదు. మూడో ఆదివారం వంటగదిలో తలుపు వేసి, విన్నది విన్నట్టు చెప్పేసింది.

అక్క చేస్తున్న పని ఆపలేదట.

"అది రెండేళ్ల నాటి మాటే. పరీక్ష చేయించాను, ఏం కాదన్నారు. మీరెవరూ కంగారుపడకూడదనే కదా, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పుకున్నాను. అది నీ దాకా వచ్చిందా?"

ఏం కాలేదన్న సంతోషం ఈవిడకు నిమిషం కూడా నిలవలేదు.

సోమవారం వచ్చి అంతా రాసిచ్చింది, అక్క పేరు తప్ప. ఉద్యోగం పోతుందనే అనుకుంది. పోలేదు. అంత మంచి చెవులు మళ్లీ దొరకవని ఉంచేశారు. మాస్టారు పట్టుబట్టి ఫారంలోంచి పేరు గడి కొట్టివేయించారు. ఉద్యోగం పోయినా బాగుండేదని ఆవిడ నాతో రెండుసార్లు అంది. ఇప్పుడు ఏ ఫోన్ విన్నా, వీళ్లకూ ఒక చెల్లెలు ఉంటుంది కదా అనిపిస్తుందట.

అక్క రోజూ మధ్యాహ్నం ఫోన్ చేయడం మానలేదు. ఇదివరకు గంట మాట్లాడేది, ఇప్పుడు రెండు నిమిషాల్లో అయిపోతుంది. నిన్న నేనే ఉండబట్టలేక, ఏమంటోంది మీ అక్క అని అడిగాను.

"అందరూ బాగున్నారట," అంది చెవులమ్మ. "రికార్డవుతున్నట్టు మాట్లాడుతోంది."